పిట్టల గ్రూపులో రిప్లైలు: ఎక్కడ చెడుతుంది, ఎట్లా సరిచేయాలి

ఆదివారం పొద్దున్నే కపిలతీర్థం వైపో చంద్రగిరి వైపో పిట్టలు చూడ్డానికి వెళ్లినవాళ్లు ఇల్లు చేరేసరికి వాట్సాప్ గ్రూపు ఫోటోలతో నిండిపోతుంది. గొడవలు మాత్రం ఫోటోల కింద రిప్లైల దగ్గర మొదలవుతాయి.

సమస్య: "అవును", "కాదన్నా, ఆడది" లాంటి జవాబులు గాల్లో వేలాడుతుంటాయి. దేనికో తెలీదు.

కారణం: అడిగిన మెసేజ్‌కు తగిలించకుండా ఊరికే కింద టైపు చేయడం. రాసేలోపు మధ్యలో ఇంకో ఆరు ఫోటోలు వచ్చి పడతాయి.

పరిష్కారం: ఆ మెసేజ్‌ను వేలితో కుడివైపుకు జరిపి, అది పైన కనబడ్డాక రాయండి. నాలుగైదు ఫోటోలు కలిపి పంపితే ఆల్బమ్‌గా ముడుచుకుంటాయి. దాన్ని తెరిచి ఆ ఒక్క ఫోటోకే రిప్లై ఇవ్వాలి. పిట్ట పేరు కూడా రాయండి. ఆరు నెలల తర్వాత "కోకిల" అని వెతికితే "అవును, ఆడ కోకిలే" దొరుకుతుంది, ఉత్త "అవును" దొరకదు.

సమస్య: పేరు సరిదిద్దితే అవతలాయన నొచ్చుకుంటాడు.

కారణం: తీర్పు చెప్పారు, ఆనవాలు చెప్పలేదు. శేషాచలంలో పసుపు గొంతు బుల్బుల్ దొరికిందని ఎంతో సంబరంగా పెట్టిన ఫోటో కింద "తప్పు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికైనా కాలుతుంది.

పరిష్కారం: "సార్, కంటిపైన తెల్ల గీత ఉంది చూడండి, తెల్ల కనుబొమ్మ బుల్బుల్ అనుకుంటా. పసుపు గొంతుదానికైతే తలా గొంతూ పసుపుగా ఉంటాయి. పక్కనుంచి తీసింది ఇంకోటుందా?" తప్పు మీదే అయితే 15 నిమిషాల దాకా ఎడిట్ చేయొచ్చు. కానీ అప్పటికే ఎవరైనా బదులిచ్చి ఉంటే ఎడిట్ జోలికి పోవద్దు, వాళ్ల మాట అర్థంలేనిదైపోతుంది. మీ మెసేజ్‌కు మీరే రిప్లైగా సవరణ రాయండి.

సమస్య: "ఇదేం పిట్ట?" అంటే ఎవరూ పలకరు.

కారణం: మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది. పెద్దది చేస్తే ముక్కు కూడా తేలదు.

పరిష్కారం: ఫోటోను హెచ్‌డీలోనో డాక్యుమెంట్‌గానో మళ్లీ పంపమనండి. చోటు, టైము, పిట్ట పిచ్చుకంత ఉందా గోరింకంత ఉందా అన్నదీ అడగండి.

"సూపర్", "కంగ్రాట్స్" వరదకు మందు ఒకటే: మాట బదులు రియాక్షన్.

సమస్య: గూడు ఫోటో కింద "ఎక్కడన్నా? లొకేషన్ పెట్టు".

ఇది మర్యాదను మించిన విషయం. చోటు తెలిస్తే నాలుగు కెమెరాలు చేరతాయి, తల్లి బెదిరి లేచిపోతుంది, గుడ్లు ఎండకో కాకికో పోతాయి. "శేషాచలం కొండల్లో" అని అక్కడితో ఆపండి. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల సంగతి వేరే, ఆ చోటు అందరికీ తెలిసిందే. ఒక మెలిక: డాక్యుమెంట్‌గా పంపిన ఫోటోలో, కెమెరాకు లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు కూడా దాగి వెళ్తుంది. గూడు ఫోటోలను మాత్రం మామూలు ఫోటోగానే పంపండి.