సూపర్‌మార్కెట్ ఉద్యోగమా? మీ జీతం లెక్క మీరే చూసుకోండి

పెద్ద సూపర్‌మార్కెట్లో, బట్టల షోరూంలో పనిచేసేవాళ్ళని "మీ కంపెనీ మంచిదేనా?" అని అడగండి. ఎక్కువమంది ఫ్లోర్ ఇన్‌చార్జి గురించి చెబుతారు. ఆయన అరవడు, దసరాకి స్వీట్ బాక్స్ ఇప్పిస్తాడు, కాబట్టి మంచిదే. నేను హైదరాబాద్‌లో ఒక చెయిన్ స్టోర్‌లో మొదట బిల్లింగ్ కౌంటర్లో ఉన్నాను. తర్వాత అక్కడే హెచ్‌ఆర్ టేబుల్ దగ్గర అటెండెన్స్, జీతాల షీట్లు చూశాను. ఇన్‌చార్జి మంచితనం వేరు, మీకు రావాల్సిన డబ్బు వేరు. గల్లీ కిరాణా కొట్టుతో పోలిస్తే చెయిన్ స్టోర్‌లో ఒక మేలుంది: అన్నీ కాగితం మీద ఉంటాయి. జీతం నెలనెలా బ్యాంకులో పడుతుంది. కానీ కొంత డబ్బు మనకు కనపడకుండానే జారిపోతుంది. ఎక్కడ జారుతుందో చూసుకోవడం నేర్చుకుంటే చాలు, పెద్ద చదువు అక్కర్లేదు.

ముందు మీరు ఎవరి మనిషో తెలుసుకోండి

మెడలో కార్డు స్టోర్‌దే, యూనిఫాం స్టోర్‌దే. అయినా మీరు స్టోర్ ఉద్యోగి కాకపోవచ్చు. జీతం పడినప్పుడు బ్యాంకు మెసేజ్‌లో ఏ పేరు వస్తోంది, పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ సంస్థ పేరుంది, చూడండి. ఏజెన్సీ పేరుంటే మీరు కాంట్రాక్టు మీద ఉన్నట్టు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వకపోతే అడగండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం అది ఇచ్చి తీరాలి. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత స్టోర్ కంపెనీ మీద పడుతుందని వేతనాల కోడ్‌లో ఉంది. కాబట్టి "ఏజెన్సీని అడుక్కోండి" అంటే అక్కడితో ఆగిపోకండి.

ఏజెన్సీ మారే నెలలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అదే కౌంటరు, అదే షిఫ్టు, కానీ పాత ఏజెన్సీకి రాజీనామా రాసి కొత్తదాంట్లో చేరినట్టు సంతకం పెట్టమంటారు. గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే మొత్తానికి, మామూలుగా ఐదేళ్ళ సర్వీసు కావాలి. మీ లెక్క మళ్ళీ మొదటికొచ్చిందని వాదించడానికి ఆ సంతకం వాళ్ళకి పనికొస్తుంది. పెట్టక తప్పకపోతే కాగితాన్ని ఫొటో తీసుకోండి. మీరు ఒక్కరోజు కూడా పని ఆపలేదని అదే రోజు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి.

పేస్లిప్ చదవడం

అందరూ కింద ఉన్న అంకె చూసి పేస్లిప్ మూసేస్తారు. మీరు పైనున్న బేసిక్ (మూల వేతనం) చూడండి. ఉదాహరణకి జీతం 14,000. అందులో బేసిక్ 7,000, స్పెషల్ అలవెన్స్ 7,000 అని రాశారనుకుందాం. పీఎఫ్ 12 శాతం బేసిక్ మీదే లెక్కేస్తే 840 రూపాయలు కటింగ్ అవుతుంది. మొత్తం మీద వేస్తే 1,680. కటింగ్ తగ్గింది కదా అని సంబరపడేవాళ్ళు ఉంటారు. మీ వాటాతో పాటు కంపెనీ కట్టాల్సిన వాటా కూడా అంతే తగ్గిందని మర్చిపోవద్దు. అందరికీ ఒకే రకంగా ఇచ్చే అలవెన్సును పీఎఫ్ లెక్కలో కలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. పీఎఫ్ లెక్కకి వచ్చే జీతం 15,000 దాటనివాళ్ళు దీన్ని తప్పకుండా అడగొచ్చు.

ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) లెక్క ఇంకా తేలిక. మీ వాటా 0.75 శాతం, అంటే 14,000కి 105 రూపాయలు. కంపెనీ వాటా 3.25 శాతం, 455. మీ జీతంలోంచి 560 కోశారంటే వాళ్ళ వాటా కూడా మీ దగ్గరే లాగారన్నమాట.

కనీస వేతనం మీదే పనిచేస్తున్నవాళ్ళు ఏప్రిల్, అక్టోబరు నెలల తర్వాత వచ్చే పేస్లిప్‌ని పాతదాని పక్కన పెట్టి చూడండి. ఆ రెండుసార్లు కార్మిక శాఖ వీడీఏ (ధరలతో పాటు మారే కరువు భత్యం) మారుస్తుంది. మీ అంకె కదలకపోతే ఎందుకో అడగండి.

పీఎఫ్ నిజంగా జమ అయిందా లేదా అన్నది పేస్లిప్ చెప్పదు. యూఏఎన్‌కి (ఉద్యోగం మారినా మారని మీ పీఎఫ్ నంబరుకి) లింకైన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇవ్వండి, బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. నెలవారీ వివరం కావాలంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడండి.

షట్టర్ దించాక అరగంట

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. షిఫ్టు అయిపోతుంది, పంచ్ కొట్టేయమంటారు. ఆ తర్వాత క్యాష్ టాలీ, ర్యాకులు సర్దడం, గేటు దగ్గర బ్యాగ్ చెకింగ్. ఈ అరగంట ఏ షీట్లోనూ ఉండదు. ఎనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు కట్టాలి. 14,000 జీతాన్ని 26 రోజులకి, ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి సుమారు 67 రూపాయలు. రోజుకి అరగంట చొప్పున నెలకి 13 గంటలు. రెట్టింపు లెక్కన 1,750 రూపాయలు, అంటే హాస్టల్ ఫీజులో మంచి భాగమే.

అందుకని గేటు దాటగానే మీ నంబరుకే మీరు వాట్సాప్ మెసేజ్ పెట్టుకోండి: "ఈరోజు పంచ్ 9:30, గేటు 10:05." ఒక నెల అలా చేస్తే చాలు, టైములతో సహా మీ దగ్గర రికార్డు ఉంటుంది.

షార్టేజ్ కటింగ్

కౌంటర్లో క్యాష్ తగ్గితే జీతంలో కోయడం మామూలైపోయింది. చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. ఆ డబ్బు మీ చేతిలో ఉండాల్సినదై ఉండాలి, మీ నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, కోసేముందు మీ మాట వినాలి, పోయినదానికన్నా ఎక్కువ కోయకూడదు. స్టాక్ లెక్కలో తేడా వచ్చిందని ఫ్లోర్‌లో అందరికీ తలా కొంత పంచితే ఇందులో ఒక్కటీ నిలబడదు. సరుకు ఎవరికి అప్పగించారు, ఎవరి తప్పు, అని రాతపూర్వకంగా అడగండి. కౌంటర్ మీరు వదిలి ఇంకొకరు కూర్చునే ముందు డబ్బు లెక్కపెట్టించి, ఇద్దరూ సంతకం పెట్టుకోండి. ఐదు నిమిషాలు పడుతుంది, క్యూలో కస్టమర్లు గొణుగుతారు, గొణగనివ్వండి.

ఇది డబ్బు సంగతి కాదు గానీ, నిలబడి నిలబడి కాళ్ళు వాచడం గురించి ఎవరూ మాట్లాడరు. షాపుల్లో పనిచేసేవాళ్ళు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. కుర్చీ అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

అడగడం ఎలా

నోటితో అడిగింది లెక్కలోకి రాదు. స్టోర్ వాట్సాప్ గ్రూపులో గొడవ పడొద్దు, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, తేదీ, అంకె రాయండి. జవాబు రాకపోతే మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళండి. హైదరాబాద్‌లో అయితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే ఏ ఆఫీసో చెబుతారు. పీఎఫ్ ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, లేదా బర్కత్‌పురా ఆఫీసుకి వెళ్ళొచ్చు. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ఒక్కరే వెళ్తే వీక్ ఆఫ్ మార్చేస్తారు, దూరం బ్రాంచికి వేస్తారు.

మానేసేటప్పుడు ఖాళీ కాగితం మీద గానీ, "అంతా ముట్టింది" అన్న దాని మీద గానీ డబ్బు పడకముందు సంతకం పెట్టొద్దు. కొత్త కోడ్ ప్రకారం రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. ఇంకో షాపులో చేరుతుంటే పాత యూఏఎనే ఇవ్వండి, పీఎఫ్ తీసేసుకోకుండా బదిలీ పెట్టండి. పీఎఫ్‌తో వచ్చే పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు కావాలి, షాపు మారినా ఆ ఏళ్ళు కలుస్తాయి.