ఇంగ్లీషు మనంతట మనమే – 14వ పాఠం: వెళ్ళాడా, వెళ్ళొచ్చాడా?

పోయిన పాఠంలో ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ చూశాం. హ్యావ్ గానీ హ్యాజ్ గానీ పెట్టి, దాని వెనక క్రియ మూడో రూపం చేర్చాలి. బడిలో ‘గో, వెంట్, గాన్’ అని బట్టీ పట్టినవాళ్ళం కాబట్టి, తిరుపతి వెళ్ళాను అనాల్సి వస్తే ‘ఐ హ్యావ్ గాన్ టు తిరుపతి’ అనే మాట దానంతటదే నోటికొస్తుంది. వ్యాకరణం లెక్కన ఇందులో తప్పు కనిపించదు. అర్థం దగ్గరే చిక్కు.

హ్యాజ్ గాన్ అంటే మనిషి వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. అక్కడే ఉండొచ్చు, దారిలో ఉండొచ్చు, ఇక్కడ మాత్రం లేడు. మీరేమో నా ఎదురుగా కూర్చుని ‘ఐ హ్యావ్ గాన్’ అంటున్నారు! వెళ్ళి, వచ్చేసినవాళ్ళు అనాల్సింది ‘ఐ హ్యావ్ బీన్ టు తిరుపతి’.

ఈ బీన్ గో వరుసలోది కాదు, ‘బి, వజ్, బీన్’ వరుసలోది. అందుకే గో నేర్పేటప్పుడు దీని గురించి ఎవరూ చెప్పరు. కానీ దీని అర్థం మనకు కొత్తేం కాదు. ఇల్లు దాటేటప్పుడు ‘వెళ్తాను’ అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, ‘వెళ్ళొస్తాను అనాలి’ అని దిద్దుతారు. తెలంగాణలో ‘పోయొస్త’ అంటారు. ఆ వెళ్ళొస్తాను జరిగిపోయాక వెళ్ళొచ్చాను అవుతుంది. బీన్ అంటే అదే. నాకు ఈ సంగతి తట్టిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అప్పటి నుంచి ఎవరికి నేర్పినా ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ఒక్క జాగ్రత్త. మాటల్లో మనం ‘కాశీ రెండుసార్లు వెళ్ళాను’ అని కూడా అంటాం. ఇంగ్లీషులోకి మార్చే ముందు అక్కడ ‘వెళ్ళొచ్చాను’ పెట్టి చూడండి. అతికితే బీన్.

1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో అంతరిక్షానికి వెళ్ళి, దాదాపు ఎనిమిది రోజుల తర్వాత నేలకు దిగారు. ఆయన గురించి ‘హి హ్యాజ్ బీన్ టు స్పేస్’ అనాలి. ‘హి హ్యాజ్ గాన్ టు స్పేస్’ అంటే ఇప్పటికీ పైనే ఉన్నారని వినేవాళ్ళు అనుకుంటారు.

ఆఫీసులో ఈ తేడా ఇంకా అక్కరకొస్తుంది. మేనేజర్ కోసం ఎవరో ఫోన్ చేశారు. ‘హి హ్యాజ్ గాన్ టు ది బ్యాంక్’ అంటే ఆయన లేరు, తర్వాత చేయండి అని. ‘హి హ్యాజ్ బీన్ టు ది బ్యాంక్’ అంటే బ్యాంకుకు వెళ్ళొచ్చేశారు అని. ఆ ఒక్క మాటను బట్టే అవతలివాళ్ళు ఫోన్ పెట్టేయాలో, ఆగాలో తేల్చుకుంటారు.

ఫలానా రోజు అని చెబితే మాత్రం రెండూ పనికిరావు. ‘ఐ హ్యావ్ బీన్ టు తిరుపతి లాస్ట్ వీక్’ తప్పు. ‘ఐ వెంట్ టు తిరుపతి లాస్ట్ వీక్’ అనాలి. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే కాబట్టి రెండుమూడుసార్లు పైకి చదవండి. అలాగే హోమ్, దేర్ ముందు టు రాదు: గాన్ హోమ్, బీన్ దేర్.

ఇక ఈ వారం అభ్యాసం. వీటిని ఇంగ్లీషులో నోటుపుస్తకంలో రాయండి. అమ్మ గుడికి వెళ్ళింది, గంటలో వస్తుంది. మీరెప్పుడైనా అరకు వెళ్ళారా? పిల్లలు ఇంటికి వెళ్ళిపోయారు. మా చెల్లెలు ఢిల్లీ మూడుసార్లు వెళ్ళింది. నిన్న మార్కెట్‌కి వెళ్ళాను.

ఒక దాంట్లో గాన్, బీన్ రెండూ రావు. ఇంకో దాంట్లో టు రాదు. జవాబులు 15వ పాఠం మొదట్లో చూద్దాం.