సెలవులకు వారం ముందే: చంటిపిల్లల ఇంట్లో ఫోన్, టీవీ విషయంలో జాగ్రత్తలు

సెలవులు రాగానే ఇంట్లో టీవీ పొద్దున్నుంచి రాత్రిదాకా మోగుతూనే ఉంటుంది. పెద్దపిల్లల పక్కన ఏడాదిన్నర, రెండేళ్ల పసివాళ్లూ చేరతారు. మాటలు వచ్చే వయసులో వాళ్లకు ఒక్కో వారమూ విలువైనదే. అందుకే ఏర్పాట్లు ముందే చేసుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు నిండేదాకా ఫోన్, టీవీ లాంటి తెర ఏదీ వద్దు. ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. వీడియో కాల్ సంగతి వేరు. అవతలున్న మనిషి పాప నవ్వితే నవ్వుతారు, ఏదైనా అంటే బదులిస్తారు.

అసలు విషయమంతా ఆ బదులులోనే ఉంది. పసిపిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే శాస్త్రవేత్త ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించింది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 9 నెలల పిల్లలతో ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాండరిన్ మాట్లాడితే, ఆ భాషలోని ధ్వనుల తేడాను వాళ్లు పట్టుకున్నారు. అలాంటి మాటలనే వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు. కాబట్టి ‘మాటలు నేర్పే వీడియో’ అన్న పేరు చూసి ఏడాది పిల్లాడి చేతికి ఫోన్ ఇవ్వకండి. ఎవరూ చూడని టీవీతోనూ నష్టమే. అది మోగుతుంటే పెద్దవాళ్లు పిల్లలతో తక్కువ మాట్లాడతారు, పిల్లలు పట్టుకున్న ఆటను మధ్యలోనే వదిలేస్తారు. చూసేవాళ్లు లేకపోతే కట్టేయండి.

సెలవులకు ముందే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను అన్ని ఫోన్లలో, టీవీలో ఆపేయండి. ఫోన్‌కు పిల్లలకు తెలియని లాక్ పెట్టండి. రిమోట్ అందనంత ఎత్తులో ఉండాలి. అందులో బిళ్ల బ్యాటరీ ఉంటే మరీ జాగ్రత్త, మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లోని పెద్దలంతా ఒకే మాట మీద ఉండాలి.

రెండేళ్లు దాటినవాళ్లకు చూపించే గంటను రెండు మూడు ముక్కలు చేయండి. గబగబా దృశ్యాలు మారే వీడియోలు కాకుండా నిదానంగా నడిచే కథ ఎంచుకోండి. పక్కనే కూర్చుని ‘కుక్కపిల్ల ఎక్కడికెళ్లింది?’ అని అడిగి, కొన్ని క్షణాలు ఆగండి. ఆ ఆగడమే పిల్లల నోట మాట తెప్పిస్తుంది.

రెండేళ్ల పిల్లలకు ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటే అర్థం కాదు. ‘ఈ కథ అవగానే ఆపేద్దాం’ అని ముందే చెప్పి, ఆపే బటన్ వాళ్లచేతే నొక్కించండి. ఆ తర్వాత ఆడుకోవడానికి గిన్నె, నీళ్లు, చెంచాల లాంటివి సిద్ధంగా ఉంచండి. మొదటి కొన్ని రోజులు పేచీ తగ్గదు సరికదా, పెరుగుతుంది. అరగంట ఏడ్చాక ఫోన్ ఇచ్చారంటే, అరగంట ఏడిస్తే దొరుకుతుందని నేర్పినట్టే. ఏడుపు ఆపడానికి ఫోన్ అలవాటు చేస్తే, తనంతట తాను ఊరడిల్లడం పిల్లలకు అలవడదు. ఎత్తుకోండి, దగ్గర కూర్చోండి, ఫోన్ మాత్రం ఇవ్వకండి.

తినేటప్పుడు తెర వద్దు. ధ్యాస అటుంటే కడుపు నిండిన సంగతి వాళ్లకు తెలియదు. పడుకునే ముందు గంట కూడా వద్దు. తెర వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను అణచేస్తుంది. ఒకటి రెండేళ్ల వాళ్లకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రోజూ ఆరుబయట ఆడనివ్వండి, పగటి వెలుతురులో గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) ముప్పు తక్కువ.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకూ వేలు పెట్టి చూపించకపోవడం, రెండేళ్లకూ రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం: వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరును కలవండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి. ‘ఫోన్ వల్లేలే, మానిపిస్తే మాటలొస్తాయి’ అని నెలలు గడపకండి. ఫోన్ మానిపించడం, పరీక్ష చేయించడం రెండూ ఒకేసారి జరగాలి.