ఉబ్బసమున్న బిడ్డకు ఇన్‌హేలర్ పఫ్‌లు వేస్తున్నా ఆయాసం తగ్గట్లేదా? డోసు పెంచేముందు ఇవి చూడండి

ముందు ఒక హెచ్చరిక: డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలిరంగుకు మారినా, సాల్బుటమాల్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనానికి వాడే మందు) ఇచ్చాక 4 గంటలైనా గడవకుండా మళ్లీ కావాల్సివచ్చినా కింది వివరాలు చదువుతూ కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రాత్రిళ్లు దగ్గుతో లేస్తున్నారు, సాల్బుటమాల్ వారంలో రెండుసార్లకు మించి కావాల్సివస్తోంది

రోజూ వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ (బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ వంటివి) డోసు చాలట్లేదని అనుమానం వస్తుంది. చాలాసార్లు అసలు సంగతి, మందు ఊపిరితిత్తుల దాకా చేరకపోవడమే.

స్పేసర్‌తోనే (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే గొట్టం) మొదలుపెట్టండి. ఇన్‌హేలర్‌ను బాగా కుదిపి ఒక్క పఫ్ నొక్కి, బిడ్డ 5–6 సార్లు మామూలుగా ఊపిరి తీసుకునేదాకా మాస్కును ముఖానికి ఆనించి ఉంచాలి. రెండో పఫ్‌కు మళ్లీ కుదపాలి. రెండూ కలిపి నొక్కితే మందు స్పేసర్ గోడలకు అతుక్కుపోతుంది. ఏడుస్తున్న బిడ్డకు లోపలికి వెళ్లేది చాలా తక్కువ, ఊరుకోబెట్టాకే వేయండి. నాలుగేళ్లు దాటి, నోటితో పీల్చగలిగితే మాస్కు తీసేసి మౌత్‌పీస్ వాడాలి, లేదంటే మందు ముక్కులోనే ఆగుతుంది.

ప్లాస్టిక్ స్పేసర్‌ను గుడ్డతో తుడిస్తే స్టాటిక్ (రాపిడి విద్యుత్తు) పుట్టి మందును లాగేస్తుంది. నెలకోసారి గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా ఆరబెట్టండి.

డబ్బాలో ఇంకా చప్పుడొస్తోంది, పని మాత్రం చేయట్లేదు

ఇన్‌హేలర్‌లో మందు అయిపోయినా దాన్ని బయటికి నెట్టే గ్యాస్ మిగులుతుంది. 120 పఫ్‌ల డబ్బా రోజుకు 4 చొప్పున 30 రోజులే. మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసుకోండి.

నెబ్యులైజర్‌లో బుడెసొనైడ్ వేసినా ఫలితం లేదు

నెబ్యులైజర్ అంటే మందును పొగమంచులా మార్చి పీల్పించే యంత్రం. అల్ట్రాసోనిక్ (ధ్వని కంపనాలతో నడిచే) యంత్రం ఈ మందుకు పనికిరాదు. జెట్ (గాలి ఒత్తిడితో నడిచే) నెబ్యులైజర్ కావాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా తగ్గట్లేదు

ఇంట్లో సాంబ్రాణి, దోమల చుట్టలు, సిగరెట్ పొగ ఆపండి. పసిబిడ్డకు స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ ఉబ్బసమున్న ఇంట్లో వద్దే వద్దు. ఆ తర్వాతే డాక్టర్ డోసు పెంచుతారు. ఫలితం 2–3 నెలల్లో మళ్లీ చూస్తారు.

నోట్లో తెల్ల మచ్చలు, గొంతు బొంగురు

స్టెరాయిడ్ నోట్లో మిగలడమే కారణం. పఫ్ తర్వాత పుక్కిలింపించి, మాస్కు ఆనిన చోట ముఖం తుడవండి.

మాంటెలూకాస్ట్ (ఉబ్బసానికి నోటితో వేసుకునే మందు) మొదలయ్యాక పీడకలలు, చిరాకు

మందు ప్రభావం కావచ్చు. వెంటనే డాక్టర్‌కు చెప్పండి.

బాగానే ఉన్నారు, తగ్గించాలా?

మీరే మానేయొద్దు. 3 నెలలు స్థిరంగా ఉంటే డాక్టర్ స్టెరాయిడ్‌ను 25–50 శాతం మేర తగ్గించి చూస్తారు. జలుబు ఉన్నప్పుడో, ప్రయాణం ముందో అది మొదలుపెట్టరు.