కారుతో ఇంగ్లిష్ ఛానెల్ దాటాలంటే: రైలా, ఓడా, ఏ రేవు నుంచి?

గుంటూరు, బెజవాడల నుంచి ప్రతి వేసవిలో చాలామంది తల్లిదండ్రులు లండన్ వైపు ఉన్న పిల్లల దగ్గరికి వెళ్తుంటారు. అక్కడికి చేరిన కొన్నాళ్లకి ఇంట్లో ఒక మాట మొదలవుతుంది, ఇంత దూరం వచ్చారు కదా, కారుంది, పిల్లలకి సెలవులున్నాయి, అలా ఫ్రాన్స్ వెళ్లొద్దామా అని. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. తాతయ్య, నానమ్మ, మనవలు ఒకే కార్లో కూర్చుని నాలుగు ఊళ్లు తిరిగే అవకాశం మళ్లీ మళ్లీ రాదు. కాకపోతే సముద్రం ఎలా దాటాలన్నది చాలామంది టికెట్ రేటు ఒక్కటే చూసి తేల్చేస్తారు, ఇబ్బందంతా అక్కడే వస్తుంది. ముందు చూడాల్సింది మనం ఏ వైపు వెళ్తున్నాం, కార్లో ఎవరెవరు కూర్చుంటున్నారు అన్న రెండు విషయాలు. రేటు ఆ తర్వాత.

దానికన్నా ముందు వీసా. బ్రిటన్ వీసా మీద ఫ్రాన్స్‌లో అడుగుపెట్టలేం, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా విడిగా కావాలి. విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలు దీన్ని ఇక్కడి నుంచే, హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో, విమానం ఎక్కకముందే తెచ్చుకోవాలి. లండన్ వెళ్లాక చూసుకుందాంలే అంటే కుదరడం చాలా కష్టం, ఎందుకంటే మామూలుగా ఎవరు ఏ దేశంలో నివాసం ఉంటారో అక్కడే అప్లై చేయాలి. అక్కడ ఉద్యోగం చేసుకునే అబ్బాయి, కోడలు మాత్రం అక్కడే అప్లై చేసుకుంటారు. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్న మనవలకి ఈ వీసా అక్కర్లేదు. పెద్దలకి ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45. వీఎఫ్‌ఎస్ సర్వీస్ చార్జి దానికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్ చూపించాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు, పదిహేను రోజుల కంటే తక్కువ టైం ఉంటే తీసుకోరు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి సంక్రాంతి అయిపోగానే పని మొదలుపెట్టేయడం మంచిది. ఇంకో మాట, తిరిగి బ్రిటన్‌లోకి రావాలి కదా, మీ బ్రిటన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో కూడా ఒకసారి చూసుకోండి.

వీసా కోసం ప్రయాణ వివరాలు చూపించాల్సి వస్తుంది, అలాగని చవగ్గా దొరికిందని మార్చుకోవడానికి వీల్లేని టికెట్ కొనకండి. తేదీ మార్చుకోగలిగే రకం కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు చూడాలనుకున్నది పారిస్ ఒక్కటే అయితే కారు ఇంటి దగ్గరే వదిలేసి యూరోస్టార్ రైలెక్కండి. లండన్ సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కితే దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాల్లో పారిస్ నడిబొడ్డున దింపుతుంది. పారిస్‌లో కారు నడపడం, పార్కింగ్ వెతుక్కోవడం పెద్ద టెన్షన్, పైగా ఊళ్లో మెట్రో ఎక్కడికైనా వెళ్తుంది. యూరోస్టార్‌లో కార్లు ఎక్కించరు, ఈ తేడా తెలియక చాలామంది రెండిటినీ ఒకటే అనుకుంటారు. కారుతో సహా మనల్ని తీసుకెళ్లే రైలు వేరు, దాని పేరు లె షటిల్, మనవాళ్లు యూరోటన్నెల్ అంటుంటారు. రెండూ ఒకే సొరంగంలోంచి వెళ్తాయి, అంతే.

ఈ షటిల్ లండన్ నుంచి సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోక్‌స్టన్ దగ్గర బయల్దేరి ఫ్రాన్స్ తీరంలోని కలే పక్కన తేలుతుంది. 1994లో ప్రారంభమైన సొరంగం అది, పొడవు 50 కిలోమీటర్లు, అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం అడుగున. కారు నడుపుకుంటూ నేరుగా రైలు పెట్టెలోకి ఎక్కించేస్తారు, బ్రేక్ వేసి అందరూ కార్లోనే కూర్చోవచ్చు, లేదా దిగి పక్కనే నిలబడి కాళ్లు చాపుకోవచ్చు. 35 నిమిషాల్లో అవతల ఉంటారు. ఊగడం ఉండదు, గాలి ఎక్కువగా ఉందని ఆపేయడం ఉండదు, మెట్లెక్కే పని లేదు. టికెట్ కారుకి మాత్రమే, లోపల ఇద్దరున్నా ఏడుగురున్నా ఒకటే రేటు, అందుకే ఏడు సీట్ల బండిలో నిండుగా వెళ్లే మన కుటుంబాలకి మొదట చూసినప్పుడు ఖరీదుగా కనిపించిన టికెట్ తలా పంచుకుంటే అంత ఎక్కువేం కాదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ప్రయాణమంటేనే వాంతులయ్యే పిల్లలు, రెండేళ్ల లోపు పసివాళ్లు, వీళ్లలో ఎవరున్నా నేను మరో ఆలోచన లేకుండా షటిలే చెప్తాను. టాయిలెట్ మాత్రం ఎక్కకముందే టెర్మినల్‌లో వెళ్లొచ్చేయండి, రైల్లో ఉన్నా కొన్ని పెట్టెల్లోనే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకి అది వెతుక్కోవడం ఇబ్బంది. గ్యాస్‌తో నడిచే కార్లని ఎక్కించుకోరు, అలాంటి బండి అయితే ముందే అడిగి తెలుసుకోండి. కారు మీద సామాను పెట్టె బిగిస్తే ఎత్తు 1.85 మీటర్లు దాటొచ్చు, బుక్ చేసేటప్పుడు ఆ ఎత్తు కలిపి చెప్పాలి.

ఓడ సంగతికొస్తే, మన కృష్ణ మీద బల్లకట్టుకి బండి ఎక్కించినట్టే, ఇది ఆరేడు అంతస్తుల బల్లకట్టు అనుకోండి. ఇంగ్లాండ్ తీరంలోని డోవర్ రేవు నుంచి కలేకి గంటన్నర పడుతుంది, డోవర్ నుంచి డన్‌కిర్క్‌కి రెండు గంటలు. పీ అండ్ ఓ, డీఎఫ్‌డీఎస్, ఐరిష్ ఫెర్రీస్ కలే వైపు నడుపుతాయి, డన్‌కిర్క్‌కి డీఎఫ్‌డీఎస్. మామూలుగా షటిల్ కంటే చవక. కారు కింద డెక్‌లో పెట్టి అందరూ పైకి వచ్చేయాలి, ప్రయాణం అయ్యేదాకా మళ్లీ కారు దగ్గరికి వెళ్లనివ్వరు, కాబట్టి మందులు, స్వెటర్లు, పిల్లల డైపర్లు, పాస్‌పోర్టులు అన్నీ ఒక చేతిసంచీలో పెట్టుకుని పైకి రావాలి. పైన కూర్చోవడానికి, తినడానికి, పిల్లలు ఆడుకోవడానికి చోటుంటుంది, డ్రైవర్‌కి గంటన్నర విశ్రాంతి దొరుకుతుంది, డెక్ మీద నిలబడితే డోవర్ తెల్లటి సుద్దకొండలు వెనక్కి జరుగుతూ కనిపిస్తాయి. పిల్లలకి సముద్రం చూపించాలనుకుంటే, పెద్దవాళ్లు ఆరోగ్యంగా ఉంటే, నిజంగా ఓడే బాగుంటుంది. సొరంగంలో చూడటానికి ఏమీ ఉండదు. మెట్లెక్కలేనివాళ్లుంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి, చెక్ ఇన్ దగ్గర మళ్లీ చెప్పండి, లిఫ్ట్ దగ్గర కారు పెట్టిస్తారు. కడుపులో తిప్పేవాళ్లు వాంతుల మాత్ర ఓడ కదిలాక కాదు, ముందే వేసుకోవాలి, డాక్టర్ని ఇక్కడే అడిగి తెచ్చుకోండి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో కూర్చుంటే ఊపు తక్కువ తెలుస్తుంది.

కలే నుంచి పారిస్‌కి 290 కిలోమీటర్లు పైనే, మూడు గంటలు. డిస్నీలాండ్, బెల్జియం, జర్మనీ, స్విట్జర్లాండ్, వీటిలో ఎటు వెళ్లేటట్టయినా కలే వైపే దాటాలి. కానీ ఫ్రాన్స్‌లోనే నార్మండీ, బ్రిటనీ తీరాలు చూడాలంటే, అంటే మోన్ సాన్ మిషెల్ కొండ లాంటివి, కలే దగ్గర దిగి అన్ని వందల కిలోమీటర్లు నడపడం ఎందుకు? పోర్ట్స్‌మౌత్ నుంచి బ్రిటనీ ఫెర్రీస్ ఓడలు నార్మండీలోని కాన్ దగ్గరికి పగలు ఆరు గంటల్లో వెళ్తాయి, బ్రిటనీలోని సాన్ మాలోకి వెళ్లేదాంట్లో రాత్రంతా ప్రయాణం. రాత్రి ఓడలో క్యాబిన్ తీసుకుంటే నాలుగు బెర్తులు, లోపలే బాత్‌రూమ్, హాయిగా పడుకుని తెల్లారేసరికి లేచి నేరుగా ఊరు చూడటానికి వెళ్లిపోవచ్చు. సాన్ మాలో నుంచి మోన్ సాన్ మిషెల్ గంట లోపే. రేటు చూసి అమ్మో అనుకుంటారు గానీ, ఒక రాత్రి హోటల్ ఖర్చు, పెట్రోలు, టోల్, డ్రైవర్ అలసట అన్నీ కలిపి లెక్క వేయండి, చాలాసార్లు తేడా పెద్దగా ఉండదు. న్యూహేవెన్ నుంచి డియెప్‌కి నాలుగు గంటల ఓడ ఉంది, బ్రైటన్ వైపు ఉండేవాళ్లకి అది దగ్గర, డియెప్ నుంచి పారిస్ కూడా 200 కిలోమీటర్ల లోపే.

పిల్లలు మాంచెస్టర్, లీడ్స్ వైపు ఉంటే హల్ నుంచి రోటర్‌డామ్‌కి, న్యూకాజిల్ దగ్గర ఉంటే ఆమ్‌స్టర్‌డామ్‌కి రాత్రి ఓడలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ చూడాలన్నదే ఆలోచనైతే డోవర్ దాకా దక్షిణానికి దిగి మళ్లీ పైకి వెళ్లడం వృథా.

సరిహద్దు తనిఖీ గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. డోవర్‌లో, ఫోక్‌స్టన్‌లో ఫ్రెంచ్ పోలీసులు ఇంగ్లాండ్ గడ్డ మీదే పాస్‌పోర్టులు చూసేస్తారు, అవతల దిగాక ఆగక్కర్లేదు. పోర్ట్స్‌మౌత్ నుంచి వెళ్తే దిగిన తర్వాత చూస్తారు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్‌లో ఈఈఎస్ అనే కొత్త పద్ధతి మొదలైంది, మొదటిసారి వెళ్లేవాళ్ల ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు, 12 ఏళ్ల లోపు పిల్లలకి వేలిముద్రలు ఉండవు. షెంజెన్ వీసా మీద వెళ్లేవాళ్లు వీసా కోసం వేలిముద్రలు ఇచ్చేసి ఉంటారు కాబట్టి ఫొటో ఒక్కటే పని. ఏదేమైనా మన కుటుంబాల్లో ఒకే కార్లో రెండు రకాల పాస్‌పోర్టులు, మూడు రకాల వీసాలు ఉంటాయి, తనిఖీకి టైం పడుతుంది. టికెట్ మీద రాసిన దానికన్నా ఇంకో గంట ముందే చేరండి. జులై నెలాఖరులో, బ్రిటన్ స్కూళ్లకి సెలవులిచ్చిన మొదటి శనివారాల్లో డోవర్ రోడ్డు గంటలకొద్దీ నిలిచిపోయిన సందర్భాలున్నాయి, అందుకే ఆ శుక్ర, శని వారాలు వదిలేసి మంగళ, బుధ వారాలు చూసుకోండి, రేటు కూడా తగ్గుతుంది. ఫ్రాన్స్ టైం బ్రిటన్ కంటే గంట ముందుంటుంది, తిరుగు ప్రయాణంలో టికెట్ మీదున్నది ఫ్రాన్స్ టైం, అది మర్చిపోతే ఓడ వెళ్లిపోతుంది.

కారు విషయంలో, వెనక యూకే అన్న అక్షరాలు ఉండాలి, పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ నుంచి చెల్లదు. ఫ్రాన్స్‌లో మెరిసే జాకెట్, హెచ్చరిక త్రికోణం కార్లో పెట్టుకోవడం తప్పనిసరి, హెడ్‌లైట్ వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా అద్దం మీద అంటించే స్టిక్కర్లు కూడా కావాలి. బండి సొంతదైతే వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకెళ్లాలి, అద్దె కారైతే ఆ కంపెనీ నుంచి విదేశానికి తీసుకెళ్లడానికి అనుమతి, అద్దె కారుకి ఇచ్చే వీఈ103 పత్రం ముందుగా తీసుకోవాలి. అద్దె కార్లతో ఈ అనుమతి లేకుండా రేవు దాకా వెళ్లి వెనక్కి రావడం కంటే బాధ ఇంకోటి ఉండదు. నాన్నకి కూడా స్టీరింగ్ పట్టుకోవాలని ఉంటే గుంటూరులోనో విజయవాడలోనో ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోవచ్చు, ఏడాది పనిచేస్తుంది, కానీ కారు ఇన్సూరెన్స్‌లో ఆయన పేరు ఉంటేనే నడపాలి. నా మాట అడిగితే, ఆయన్ని ముందు ఎడమ సీట్లో కూర్చోబెట్టండి. అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, మన స్టీరింగ్ కుడివైపే ఉంటుంది, ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎదురుగా వచ్చేది డ్రైవర్‌కి సరిగ్గా కనపడదు, ఎడమ సీట్లో ఉన్నవాళ్లు చూసి చెప్పాలి. టోల్ దగ్గర టికెట్ తీసుకోవాల్సింది కూడా ఆ సీట్లో ఉన్నవాళ్లే, మిషన్ అటువైపు ఉంటుంది. కాన్ నుంచి పారిస్ వెళ్లే ఏ13 రోడ్డు మీద ఇప్పుడు టోల్ గేట్లే లేవు, కెమెరా నంబర్ తీసుకుంటుంది, 72 గంటల్లో ఆన్‌లైన్‌లో కట్టాలి, కట్టకపోతే జరిమానా. షటిల్ దిగాక నేరుగా ఏ16 హైవే మీదికి చేరతారు, కుడివైపు నడపడం అలవాటు చేసుకోవడానికి అది తేలిక.

ఇక తిండి. బ్రిటన్ నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. అంటే నెయ్యి డబ్బా, పెరుగన్నం, కోడి పచ్చడి, పాలకోవా ఏవీ కుదరవు, పసిపిల్లల పాలపొడికి మాత్రం మినహాయింపు ఉంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి హాయిగా పెట్టుకెళ్లండి, సీసా మూతలు టేపుతో బిగించండి. చపాతీలు నూనెతో చేసుకోండి, నెయ్యి రాయకండి. పులిహోర సాయంత్రం దాకా ఆగుతుంది, రేవులో క్యూ ఎంతసేపున్నా పిల్లలు ఆకలితో ఏడవరు. తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త, 2025 ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి బ్రిటన్‌లోకి చీజ్, పాలు, వెన్న, మేక మాంసం లాంటివి సొంతానికైనా తేనివ్వడం లేదు, కాబట్టి ఫ్రాన్స్‌లో కొన్న చీజ్ అక్కడే తినేసి, కలేలో చెక్ ఇన్‌కి ముందే మిగిలింది ఏమైనా ఉందేమో సంచులు చూసుకోండి.