కాస్పా తెరుచుకునేలోపు సర్దుకోవాల్సినవి

పీఏ స్కూల్‌కి, అంటే డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసి మందులు రాసే ఫిజీషియన్ అసిస్టెంట్ల చదువుకి, అప్లై చేస్తున్నానని చెప్పగానే మా అమ్మమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "అంటే కాంపౌండరా అమ్మా?" అని. నవ్వేశాను గానీ, కాదని చెప్పాక ఏమని చెప్పాలో నాకే తెలియలేదు. అది తెలియకపోవడమే ఆ ఏడాది ఇంటర్వ్యూలో నా కొంప ముంచింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు కాగితాల గొడవ తేల్చుకోవాలి, చాలామంది ఇంటర్వ్యూ గుమ్మం దాకా రాకుండా అక్కడే ఆగిపోతున్నారు.

అమెరికాలో దాదాపు పీఏ స్కూళ్లన్నిటికీ దరఖాస్తు వెళ్లేది కాస్పా అనే ఒకే పోర్టల్ ద్వారా. ఏటా ఏప్రిల్ చివర్లో తెరుచుకుంటుంది. చాలా స్కూళ్లు వచ్చిన దరఖాస్తులను వచ్చినట్టే చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తాయి, గడువు దాకా ఆగవు. కాబట్టి అక్టోబరు గడువు ఉన్న స్కూల్‌కి సెప్టెంబరులో పంపితే మీరు త్వరగా పంపినట్టు కాదు, సగం పెళ్లి భోజనాలయ్యాక వెళ్లినట్టు. గడువు అన్న మాటలోనూ మెలిక ఉంది. ఒక స్కూల్‌కి ఆ తేదీకి సబ్మిట్ నొక్కితే చాలు. ఇంకోదానికి ట్రాన్స్‌క్రిప్టులు (కాలేజీ ఇచ్చే మార్కుల పత్రాలు), సిఫారసు లేఖలు కూడా అందాలి. మరోదానికి కాస్పా వెరిఫికేషన్ సైతం పూర్తయి ఉండాలి, అది వారాలు పట్టొచ్చు. ప్రతి స్కూల్ పేరు పక్కన ఈ మూడింటిలో ఏ రకమో ఇప్పుడే రాసుకోండి.

ట్రాన్స్‌క్రిప్టుల దగ్గర నేను పడ్డ గుంట చెబుతాను. హైస్కూల్‌లో ఉండగా పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో ఒకే ఒక్క సైకాలజీ క్లాసు చేశాను. యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్టులో ఆ క్రెడిట్ కనిపిస్తోంది కదా, మళ్లీ ఎందుకులే అనుకున్నాను. కాస్పాకు మీరు అడుగుపెట్టిన ప్రతి కాలేజీ నుంచీ విడిగా ట్రాన్స్‌క్రిప్టు కావాలి, ఒక్క క్లాసైనా సరే. జూన్ అంతా నా దరఖాస్తు కదల్లేదు. ఎందుకు కదల్లేదో నాకు తెలిసేసరికి జూలై వచ్చింది.

మన పేర్లది ఇంకో తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, కాలేజీలో వెనక, ఎక్కడో ఒకచోట ఇనీషియల్ మాత్రమే, ఇంకోచోట ఫస్ట్ నేమ్ గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్). ట్రాన్స్‌క్రిప్టు మీది పేరు దరఖాస్తులోని పేరుతో కలవకపోతే అది మీ ఫైల్‌లోకి రాకుండా ఎక్కడో తిరుగుతుంది. మీ పేరు ఎన్ని రూపాల్లో ఉందో అన్నీ 'ఆల్టర్నేట్ నేమ్' దగ్గర రాయండి. కోర్సులు ఎక్కించేటప్పుడు కూడా ట్రాన్స్‌క్రిప్టు ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా దించండి, తప్పులుంటే దరఖాస్తు తిరిగొస్తుంది. మళ్లీ చేసిన కోర్సుకు మీ కాలేజీ పాత గ్రేడును కొట్టేసినా కాస్పా కొట్టెయ్యదు, రెండు గ్రేడులూ లెక్కలోకి వస్తాయి. మీ జీపీఏ మీరు అనుకున్నదానికన్నా తక్కువ కనిపిస్తే కంగారు పడకండి, కారణం చాలాసార్లు ఇదే.

ఇండియాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడికి వచ్చిన అక్కచెల్లెళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, "మేం నేరుగా పీఏ పరీక్ష రాయొచ్చా?" అని. రాయకూడదు. పీఏ ప్రోగ్రాంలకు గుర్తింపునిచ్చే సంస్థ ఆర్క్-పీఏ. దాని గుర్తింపు ఉన్న ప్రోగ్రాం పూర్తిచేసినవాళ్లకే పీఏలు రాసే ప్యాన్స్ పరీక్ష. ఇండియాలో చేసిన బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్‌కీ ఇదే వర్తిస్తుంది. విదేశీ డిగ్రీని కోర్సువారీగా మూల్యాంకనం చేయించాలి. అయినా చాలా స్కూళ్లు అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ లాంటివి ఇక్కడి కాలేజీలోనే చేయమంటాయి. కొన్నిచోట్ల పాత కోర్సులకు కాలం చెల్లుతుంది కూడా. ఫీజు కట్టేముందు స్కూల్‌కి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

ఇక దరఖాస్తులో చూపాల్సిన పని అనుభవపు గంటలు. రోగిని చేత్తో తాకి చేసే పని ఒక రకం, ఆస్పత్రిలో మిగతా పని ఇంకో రకం. సీఎన్ఏ (నర్సులకు సాయంగా రోగుల్ని చూసుకునేవాళ్లు), ఈఎంటీ (అంబులెన్సులో అత్యవసర సేవ చేసేవాళ్లు), మెడికల్ అసిస్టెంట్ పనులు సాధారణంగా మొదటి దాంట్లోకి వస్తాయి. డాక్టరు పక్కనుండి వివరాలు రాసిపెట్టే స్క్రైబ్ పనిని ఒక స్కూల్ మొదటి దాంట్లో, ఇంకో స్కూల్ రెండో దాంట్లో వేస్తుంది. కొందరు 500 గంటలు చాలంటారు, కొందరు 2000 అడుగుతారు. ఒకే గంటను రెండుచోట్లా రాయకండి, గుండ్రంగా పెంచి రాయకండి. సూపర్‌వైజరుకి ఫోన్ చేసే స్కూళ్లు ఉన్నాయి.

ఇక్కడ మన ఇళ్లలో చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. తల్లిదండ్రుల వీసాను బట్టి వచ్చే హెచ్4 మీద ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి ఉండదు. విద్యార్థి వీసా ఎఫ్1 మీద ఉన్నవాళ్లు సీపీటీ, ఓపీటీ లాంటి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు. "జీతం తీసుకోకుండా మెడికల్ అసిస్టెంట్‌గా చేస్తాను" అంటే సరిపోదు. మామూలుగా జీతమిచ్చే ఉద్యోగాన్ని ఊరికే చేసినా అది వాలంటీరింగ్ కింద చెల్లకపోవచ్చు, వీసాకే ముప్పు. న్యూజెర్సీలో అంబులెన్సు సేవ చేసే వాలంటీర్ రెస్క్యూ స్క్వాడ్‌లు ఉన్నాయి, అలాంటివి వెతకండి. చేరేముందు వాళ్లిచ్చే చిన్నాచితకా భత్యాల సంగతి కూడా ఇమిగ్రేషన్ లాయరుని అడిగే చేరండి. కొన్ని స్కూళ్లు సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్లనే తీసుకుంటాయి, ఆ లైను ముందు చూసుకోండి.

లేఖల విషయం ఒక్క ముక్కలో: మావయ్య కార్డియాలజిస్టు అయినా మావయ్యే. ఆయన క్లినిక్‌లో పక్కనుండి పని గమనించే షాడోయింగ్ చేయండి, లేఖ మాత్రం మీ పని చూసిన పరాయివాళ్ల దగ్గర తీసుకోండి, ఒకరైనా పీఏ అయితే మంచిది.

కాస్పాలో మీరు పీఏ ఎందుకు కావాలనుకుంటున్నారో రాసే వ్యాసానికి ఖాళీలతో కలిపి 5000 అక్షరాలు. రాసింది మీ సొంతమేనని సంతకం పెడతారు, ఏఐతో రాయించుకున్నాక ఆ సంతకం ఎలా పెడతారో ఆలోచించుకోండి. రోగుల గురించి రాసేటప్పుడు వాళ్లెవరో పోల్చుకోగల వివరం ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇప్పుడు ఇంటర్వ్యూ. మొదటి ఏడాది ముగ్గురు కూర్చున్న ప్యానెల్ అడిగింది, "డాక్టర్ ఎందుకు కాకూడదనుకున్నారు?" నేను "అన్నేళ్లు చదవక్కర్లేదు, ఇంటికి సమయం దొరుకుతుంది" అన్నాను. అబద్ధం కాదు. కానీ ఒకామె పెన్ను పక్కన పెట్టేసింది. చదువు చూస్తే సుమారు 27 నెలలు ఊపిరాడనివ్వదు, దానికి నేను చెప్పిన కారణం సులువని!

రెండో ఏడాది చరిత్ర చదువుకుని వెళ్లాను. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ నేవీలో వైద్యసేవ చేసొచ్చిన నలుగురితో మొదటి తరగతి మొదలుపెట్టాడని, 2021లో వృత్తి సంఘం పేరును 'ఫిజీషియన్ అసోసియేట్'గా మార్చుకున్నా చాలా రాష్ట్రాల చట్టాల్లో ఇంకా 'అసిస్టెంట్' అనే ఉందని, ఇవన్నీ బట్టీ పట్టాను. ఒక్కటీ అడగలేదు. నన్ను గట్టెక్కించింది నర్సింగ్ హోమ్‌లో నేను సీఎన్ఏగా చూసిన ఒక రోజు. ఒక పెద్దాయన కాళ్లు వాచాయి, బరువు పెరిగింది. రౌండ్స్‌కి వచ్చిన పీఏ ఛార్టు తెరవకముందే నన్ను అడిగింది, "ఎప్పటినుంచి? రాత్రి దిండ్లు ఎన్ని పెట్టుకుంటున్నాడు?" అని. మందు మోతాదు తనే మార్చింది, ఒక సందేహం వస్తే అక్కడే నిలబడి డాక్టరుకి ఫోన్ చేసింది. నాకు కావాల్సిన ఉద్యోగం అదేనని చెప్పాను. మీ గంటల్లో అలాంటి రోజు ఏదో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. డాక్టర్లనో, నర్స్ ప్రాక్టీషనర్లనో తక్కువ చేసి మాత్రం మాట్లాడకండి.

ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతిలో గది గదికీ ఒక సమస్య ఇస్తారు. తోటి విద్యార్థి మద్యం వాసనతో వార్డుకి వచ్చాడనుకోండి. అతన్ని ముందుగా రోగి దగ్గరనుంచి పక్కకు తీసుకెళ్లి, ఆ తర్వాత పైవాళ్లకు చెబుతానని అనండి. వరసలో రోగి ముందుంటే చాలు, తీర్పరి వేషం వద్దు. గ్రూపు చర్చలో ఎక్కువ మాట్లాడినవాళ్లకి మార్కులు పడతాయనుకోవడం మన ఎంసెట్ బుద్ధి. మాట్లాడనివాళ్లని కలుపుకుపోయినవాళ్లే గుర్తుంటారు. ఇంటర్వ్యూ జూమ్‌లో అయితే టైమ్ జోన్ రెండుసార్లు చూసుకోండి. ఇంట్లో కుక్కర్ ఆ గంట పెట్టొద్దని అమ్మకి ముందురోజే చెప్పండి.

సీటు వచ్చిందన్న మెయిల్ చూసి ఆనందంలో అదే రాత్రి డిపాజిట్ కట్టకండి, చాలాచోట్ల అది తిరిగి రాదు. ఆర్క్-పీఏ సైట్లో ఆ ప్రోగ్రాం హోదా 'కంటిన్యూడ్' అని ఉందా, 'ప్రొవిజనల్', 'ప్రొబేషన్' అని ఉందా చూడండి. ప్యాన్స్ ఉత్తీర్ణత శాతాన్ని ప్రతి స్కూలూ తన సైట్లో పెట్టాలి, చదువు మధ్యలో ఎంతమంది మానేశారో కూడా అక్కడే వెతకండి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ ప్రభుత్వ విద్యా లోన్లు ఉండవు. కాబట్టి మిగిలిన డబ్బు ఎలా అని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని అడిగి, నాన్న పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాకే కార్డు బయటికి తీయండి.