పశువుల ఎలక్ట్రానిక్ ఇయర్ ట్యాగ్ రీడర్ ఎలా ఎంచుకోవాలి?

రీడర్ల ధరలు వెతికే ముందు దొడ్లోకి వెళ్లి పశువు చెవి చూడండి. అక్కడున్న ట్యాగ్‌ను బట్టే ఏ రీడర్ కొనాలో, అసలు కొనాలో వద్దో తేలుతుంది.

1. ట్యాగ్‌లో చిప్ ఉందా?

మన ఊళ్లలో ఆవులకు, గేదెలకు వేసే పసుపు ట్యాగ్ మీద 12 అంకెల పశు ఆధార్ నంబరు, బార్‌కోడ్ ఉంటాయి. మామూలుగా అందులో చిప్ ఉండదు. బార్‌కోడ్ చదవడానికి ఫోన్ కెమెరా చాలు. మీ మందకు ఆ ట్యాగ్‌లు మాత్రమే ఉంటే డబ్బు దాచుకోండి.

ఎలక్ట్రానిక్ ట్యాగ్ ఎక్కువగా గుండ్రటి బొత్తాంలా ఉంటుంది. లోపల సన్నటి తీగ చుట్ట, ఒక చిప్ ఉంటాయి. బ్యాటరీ ఉండదు. రీడర్ దగ్గరికి తెచ్చినప్పుడు దాని నుంచి అందే శక్తితోనే తన నంబరు చెబుతుంది.

2. ఫ్రీక్వెన్సీ సరిపోవాలి

పశువుల ట్యాగ్‌లకు అంతర్జాతీయ ప్రమాణాలు ఐఎస్‌ఓ 11784, 11785. వీటి ప్రకారం పనిచేసే ఫ్రీక్వెన్సీ 134.2 కిలోహెర్ట్జ్. చవగ్గా వస్తోందని నేను మొదట కొన్న రీడర్ 125 కిలోహెర్ట్జ్‌ది. ఆఫీసు తలుపు కార్డు చూపిస్తే టకీమని పలికింది కానీ, గేదె చెవి దగ్గర మాత్రం కిక్కురుమనలేదు. ఫోన్‌లోని ఎన్‌ఎఫ్‌సీతోనూ (ఫోన్ ఆనించి డబ్బు కట్టేందుకు వాడేది) పని జరగదు, దాని ఫ్రీక్వెన్సీ 13.56 మెగాహెర్ట్జ్.

ఈ ప్రమాణంలోనే ఎఫ్‌డీఎక్స్-బీ, హెచ్‌డీఎక్స్ అని రెండు రకాల ట్యాగ్‌లున్నాయి. రెండూ చదివే రీడరే తీసుకోండి. రేపు సంతలో కొన్న పశువు చెవికి ఏ రకం ఉంటుందో ముందే ఎవరు చెప్పగలరు?

3. ఎంత దూరం నుంచి చదవాలి?

నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జేబులో పట్టే చిన్న రీడర్‌ను దాదాపు చెవికి ఆనించాలి. పది, పదిహేను పాడి పశువులు, అవీ గుంజకు కట్టేసినవైతే అది చాలు. మేకలు, గొర్రెల మందకు, కొత్త మనిషిని చూస్తే తల విదిల్చే గేదెలకు కర్రలా పొడవుగా ఉండే రీడర్ మేలు. కొమ్ములకు దూరంగా నిలబడి చెయ్యి చాచవచ్చు.

బ్రోచర్‌లో రాసిన దూరాన్ని మాత్రం నమ్మకండి. ట్యాగ్ రీడర్‌కు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి ఉంటే ఆ దూరం తగ్గిపోతుంది. ఇనప పైపుల ట్రావిస్‌లో (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) ఇంకా తగ్గుతుంది. పక్కన మోటారు నడుస్తున్నా తేడా వస్తుంది. అందుకే అమ్మేవాళ్లను మీ షెడ్డుకే రమ్మనండి. పశువులను ట్రావిస్‌లోకి ఎక్కించి, మోటారు ఆన్ చేసి, వరసగా పది చెవులు చదివించండి. ఎన్ని ఒక్కసారికే పలికాయో లెక్కపెట్టండి.

4. నంబరు ఎక్కడికి వెళుతుంది?

చిప్‌లోని నంబరుకు 15 అంకెలు. మొదటి మూడు దేశం కోడ్ (మనది 356), లేదా 900తో మొదలయ్యే వరసలో తయారీదారు కోడ్. ట్యాగ్ మీద ఈ నంబరు ముద్రించి ఉంటే రీడర్ తెర మీద కూడా అదే రావాలి.

బ్లూటూత్ ఉన్న రీడర్లలో కొన్ని కీబోర్డులా పనిచేస్తాయి. చదవగానే ఫోన్‌లో తెరిచిన షీట్‌లో నంబరు పడిపోతుంది. ఇక్కడో తిరకాసుంది. ఎక్సెల్‌లో ఆ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చకపోతే 356000012345678 కాస్తా 3.56E+14 లాగా కనిపిస్తుంది. అలాగే సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్ పట్టిక) ఫైలుగా సేవ్ చేశారో, మంద మొత్తానికీ ఒకటే నంబరు! ఫోన్ సిగ్నల్ లేని చోటికి మేతకు తోలేవాళ్లు రీడర్‌కు సొంత మెమరీ ఉందో లేదో చూసుకోవాలి.

5. చేతికి తీసుకుని చూడండి

ఎండలో తెర కనిపించాలి. పేడ అంటిన చేత్తో, గ్లవ్స్‌తో మీట నొక్కగలగాలి. శబ్దంతో పాటు వైబ్రేషన్ ఉంటే మందలో ఉపయోగం. దుమ్ముకు, నీళ్లకు ఐపీ67 రేటింగ్ ఉన్నది చూడండి. బ్యాటరీ మార్చుకునే వీలుందా, పాడైతే ఎక్కడికి పంపాలి అన్నవి బిల్లు కట్టకముందే అడగండి.

కొన్నాక, వాడని ట్యాగ్ ఒకటి రీడర్ సంచిలోనే పడేసి ఉంచండి. ఏ పశువు దగ్గరైనా పలకకపోతే దాన్ని చూపించండి. తప్పు రీడర్‌దా, చెవికున్న ట్యాగ్‌దా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది.